మెదడు కొలతల్లోకి వయసు దొడ్డిదారిన ఎలా వస్తుంది: నా అనుభవం

ఒక మనిషి మెదడు నా కంప్యూటర్‌లోకి చేరేసరికి 1,15,34,336 అంకెలుగా మారి ఉంటుంది. మెదడు ఆకారాన్ని చూపే మామూలు రకం ఎం.ఆర్.ఐ. స్కాన్‌లో (దీన్ని టీ1 అంటాం) 176 పొరలు, పొరకి 256 వరసలు, వరసకి 256 గళ్లు. ఒక్కో గడి నిలువూ అడ్డమూ ఎత్తూ ఒక మిల్లీమీటరు ఉన్న దిమ్మ. దాన్నే వాక్సెల్ అంటాం. అందులో ఉన్న అంకె ఆ చోటు ఎంత తెల్లగా ఉందో చెబుతుంది, అంతే. దానికి యూనిట్ లేదు. సీటీ స్కాన్‌లో నీటికి సున్నా అనే కొలబద్దయినా ఉంది. ఎం.ఆర్.ఐ.లో అదీ లేదు. ఇవాళ 400 వచ్చిన చోట రేపు అదే మనిషికి 520 రావచ్చు. ఇలాంటి అంకెల్లోంచి ‘ఎడమ హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకి కీలకమైన భాగం) 3,412 ఘన మిల్లీమీటర్లు’ లాంటి ఒక్క కొలత తీసి, అలాంటివి కొన్ని వందల మందివి పోగేసి, వయసుతో అది ఎలా తగ్గుతోందో గీత గీయడం గణాంకవేత్తగా నా పని.

గీత గీయడం ఒక పూట పని. మిగతా నెలలన్నీ ఒకే ప్రశ్నకి పోతాయి: కనిపిస్తున్న తేడా వయసుదేనా, వయసుతో పాటు మారే ఇంకో దేనిదైనానా? పెద్దవాళ్లు స్కానర్‌లో ఎక్కువ కదులుతారు. వాళ్ల స్కాన్ల మీద సాఫ్ట్‌వేర్ ఎక్కువ తడబడుతుంది. రెండోసారి రమ్మంటే వాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వస్తారు. ప్రతి అడుగులోనూ వయసు ఎక్కడో ఒకచోట దొడ్డిదారిన దూరుతుంది. ఆ చోట్లే రాస్తున్నాను.

మొదటి అడుగు ఫైళ్లు. స్కానర్ ఇచ్చేది డైకామ్ ఫైళ్లు, పొరకొకటి చొప్పున. వాటిని డీసీఎం2నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో, పరిశోధకులు వాడే నిఫ్టీ ఫార్మాట్‌లో ఒక్క ఫైలుగా మారుస్తాను. ఇక్కడ జరిగే పెద్ద ప్రమాదం కుడి ఎడమలు తారుమారు కావడం. రేడియాలజిస్టులు రోగి ఎడమ భాగాన్ని బొమ్మలో కుడివైపు చూస్తారు. నాడీశాస్త్ర పరిశోధకుల్లో చాలామంది ఎడమని ఎడమవైపే చూస్తారు. ఫైలు హెడర్‌లో దిశ సరిగ్గా లేకపోతే బొమ్మ చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం, మెదడు రెండువైపులా అంత ఒకేలా ఉంటుంది. దీనికి తెలిసిన చిట్కా ఒకటుంది: స్కాన్‌కి ముందు కుడి కణతకి ఒక విటమిన్-ఇ గుళిక టేపుతో అంటించడం. లోపల నూనె ఉంటుంది కాబట్టి టీ1 బొమ్మలో అది తెల్లటి చుక్కలా మెరుస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ బొమ్మని ఎన్నిసార్లు తిప్పినా ఆ చుక్క ఉన్నదే కుడి. గుళిక లేని పాత డేటా అయితే అందరి స్కాన్లకీ సగటు బొమ్మ తీసి చూస్తాను. మనుషుల్లో సగటున కుడి ముందుభాగం కాస్త ముందుకి, ఎడమ వెనకభాగం కాస్త వెనక్కి పొడుచుకు వస్తాయి. ఒక్క మనిషి విషయంలో ఇది నమ్మకూడదు గానీ, స్కాన్లు తీసే ఒక కేంద్రం నుంచి వచ్చిన రెండొందల స్కాన్ల సగటు మిగతా కేంద్రాలకి అద్దంలో బొమ్మలా ఉంటే అక్కడేదో తిరగబడిందని అర్థం. పాత అనలైజ్ ఫార్మాట్‌లో వచ్చిన డేటాని నేను ముందునుంచే అనుమానిస్తాను. అందులో దిశ స్పష్టంగా నమోదు కాదు.

రెండోది వయసు అనే కాలమ్. దీన్ని ఎవరూ అనుమానించరు, అందుకే నేను ముందు దీన్నే చూస్తాను. డైకామ్ హెడర్‌లో వయసు సాధారణంగా పూర్తి ఏళ్లలోనే ఉంటుంది. ఒక్కసారే స్కాన్ తీసిన అధ్యయనంలో అది పెద్ద నష్టం కాదు. అదే మనిషిని రెండుసార్లు స్కాన్ చేస్తే మాత్రం కొంప మునుగుతుంది. పదకొండు నెలల ఎడంతో వచ్చిన మనిషికి మధ్యలో పుట్టినరోజు పడితే తేడా 1, పడకపోతే 0. ఏడాదికి ఎంత తగ్గిందో చెప్పాలంటే భాగహారంలో కింద ఉండే అంకె అదే. కాబట్టి స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య రోజుల సంఖ్య కావాలని ముందే అడుగుతాను. గోప్యత కోసం తేదీలు జరిపినా ఫర్వాలేదు, ఒక మనిషి తేదీలన్నీ ఒకే మొత్తం జరిపితే చాలు. ఇంకోటి: అమెరికా నుంచి వచ్చే డేటాలో 89 దాటినవాళ్లందరినీ గోప్యతా నిబంధన కింద ‘90 ప్లస్’ అని ఒకే గంపలో వేయడం మామూలు. గ్రాఫ్ కుడి అంచున చుక్కలన్నీ ఒకే నిలువు గీత మీద పేరుకుంటే అదే కారణం. అక్కడ వక్రరేఖ హఠాత్తుగా కిందికి పడితే అది మెదడు కుంగడం కాదు, 97 ఏళ్లవాళ్లని 90 దగ్గర నిలబెట్టిన ఫలితం.

తర్వాత మెదడుని భాగాలుగా విడగొట్టడం. దీనికి నేను ఎక్కువగా వాడేది ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్. రీకాన్-ఆల్ అనే ఒక్క ఆదేశం ఇస్తే అది పుర్రెని తీసేసి, తెల్ల పదార్థానికీ (నాడీ తంతువులు) బూడిద పదార్థానికీ (నాడీ కణాలు) మధ్య హద్దు గీసి, పక్కకి 34 చొప్పున 68 కార్టెక్స్ (మెదడు ఉపరితలం మీది బూడిద పొర) ప్రాంతాల మందం, లోపలి భాగాల ఘనపరిమాణం పట్టికగా ఇస్తుంది. ఒక స్కాన్‌కి ఒక ప్రాసెసర్ కోర్ మీద ఎనిమిది గంటలు అనుకుందాం. బహిరంగంగా దొరికే ఒయాసిస్ అనే స్కాన్ల భాండాగారం మొదటి విడతలో 18 నుంచి 96 ఏళ్ల వాళ్లు 416 మంది ఉన్నారు. అంటే 3,328 గంటలు, ఇరవై కోర్లు పెడితే సుమారు ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మార్చకూడదు. అదే స్కాన్‌కి వెర్షన్ మారితే, ఆఖరికి కంప్యూటర్ మారినా కొలతలు మారతాయని 2012లోనే చూపించారు. అందుకే అంతా ఒక కంటైనర్‌లో (సాఫ్ట్‌వేర్‌నీ దాని పరిసరాల్నీ మారకుండా బిగించే పెట్టె లాంటిది) కట్టేసి నడుపుతాను. ఇంకో చిన్న అలవాటు: ఫైళ్లని వయసు క్రమంలోనో, చేరిన క్రమంలోనో నడపను, చీటీలు తీసినట్టు కలిపేసి నడుపుతాను. సగంలో ఏదైనా మారిపోతే ఆ మార్పు పెద్దవాళ్ల మీదే పడకుండా అందరి మీదా చెల్లాచెదురుగా పడుతుంది.

ఇక కళ్లతో చూడాల్సిన పని. ఇది తప్పించుకోడానికి వీల్లేదు. స్కాన్‌కి అయిదు నుంచి పది నిమిషాలు. హద్దు గీతలు బొమ్మ మీద పరిచి పొర తర్వాత పొర జరుపుతూ చూడాలి. తప్పులు ఎక్కడపడితే అక్కడ ఉండవు, వాటికి అలవాటైన చోట్లున్నాయి. కణత భాగం కొస, కంటి గుంతలకి పైన ఉన్న భాగం: ఇక్కడ గాలి గదులు దగ్గరగా ఉండటంతో సిగ్నల్ చెదిరి హద్దు లోపలికో బయటికో పోతుంది. మెదడు పైపొర దగ్గర డ్యూరా అనే మందపాటి పొరని సాఫ్ట్‌వేర్ బూడిద పదార్థంగా లెక్కపెట్టేస్తుంది. ఆ మనిషి కార్టెక్స్ ఉన్నట్టుండి మందంగా కనిపిస్తుంది. ఈ రెండూ ఏ వయసులోనైనా జరుగుతాయి. మూడోది మాత్రం పూర్తిగా వయసుదే. పెద్దవాళ్ల తెల్ల పదార్థంలో, ముఖ్యంగా జఠరికల (మెదడు లోపల ద్రవం ఉండే గదుల) చుట్టూ, చిన్న రక్తనాళాలు దెబ్బతిన్న మచ్చలుంటాయి. ఫ్లెయిర్ అనే ఇంకో రకం ఎం.ఆర్.ఐ. స్కాన్‌లో అవి తెల్లగా మెరుస్తాయి, టీ1లో నల్లబడి కనిపిస్తాయి, సరిగ్గా బూడిద పదార్థం ఉండే రంగులో. సాఫ్ట్‌వేర్ వాటిని బూడిద పదార్థం ఖాతాలో వేస్తుంది. అంటే ఎవరి తెల్ల పదార్థం పాడైందో వాళ్ల బూడిద పదార్థం పెరిగినట్టు లెక్క తేలుతుంది! ఫ్లెయిర్ స్కాన్ ఉంటే ఆ మచ్చలని విడిగా గుర్తించి ముందే పూడ్చేయాలి. లేకపోతే కనీసం డెబ్బై దాటినవాళ్ల జఠరికల అంచులని ఒక్కొక్కరివీ చూడాలి. జఠరికలు బాగా ఉబ్బిన మెదళ్లలో ఇంకో తంటా: ద్రవం ఉన్న గదిలో కొంత ముక్కని సాఫ్ట్‌వేర్ తెల్ల పదార్థం అని వదిలేస్తుంది.

కదలిక గురించి విడిగా చెప్పాలి. టీ1 స్కాన్ అయిదారు నిమిషాలు పడుతుంది. అంతసేపట్లో తల మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు కదిలినా బొమ్మలో అలలు, ఉంగరాలు వస్తాయి, హద్దులు మసకబారతాయి. మసక హద్దు దగ్గర సాఫ్ట్‌వేర్ కొలిచే కార్టెక్స్ పలచబడుతుంది, ఘనపరిమాణం తగ్గుతుంది. ముసలితనం కూడా చేసేది అదే. కంటికి పెద్దగా తప్పు కనిపించని స్కాన్‌లో కూడా ఈ పక్షపాతం ఉంటుంది. సరే, చెడ్డ స్కాన్లు తీసేద్దాం అంటారా? తీసేస్తే పోయేది ఎక్కువగా పెద్దవాళ్లు, వణుకు ఉన్నవాళ్లు, మతిమరుపు మొదలైనవాళ్లు. మిగిలిన ఎనభై ఏళ్లవాళ్లు గుంపులో గట్టివాళ్లు. ఉంచితే వయసు ప్రభావం పెరిగి కనిపిస్తుంది, తీసేస్తే తగ్గి కనిపిస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నేను చేసేది ఇది. ప్రతి స్కాన్‌కీ 0 నుంచి 3 దాకా మార్కు వేయిస్తాను, వేసేవాళ్లకి వయసు, జబ్బు వివరం తెలియకుండా. జఠరికల సైజు చూసి వయసు ఊహించేస్తారని తెలుసు, దానికేం చేయలేం. అందుకే కంటికి తోడుగా ఒక యాంత్రికమైన కొలత కూడా వాడతాను: ఆయిలర్ సంఖ్య. ఫ్రీసర్ఫర్ గీసిన ఉపరితలం, రిపేరుకి ముందు, చిల్లులు లేని గోళంలా ఉంటే ఆ సంఖ్య 2. ఒక్కో చిల్లుకీ రెండు తగ్గుతుంది. −60 వచ్చిందంటే 31 చిల్లులు పూడ్చాల్సి వచ్చిందన్నమాట. బొమ్మ ఎంత చెడితే అన్ని చిల్లులు. దీనికి అందరికీ పనికొచ్చే గీటురాయి లేదు, స్కానర్‌ని బట్టి మారుతుంది. కాబట్టి ఒక్కో కేంద్రం మధ్యమాన్ని (మీడియన్) తీసేసి పోలుస్తాను. చివరికి విశ్లేషణ మొత్తం మూడుసార్లు నడుపుతాను: అన్ని స్కాన్లతో, మరీ చెడ్డవి తీసేసి, బాగున్నవి మాత్రమే ఉంచి. వాలు, అంటే వయసుతో కొలత తగ్గే వేగం, మూడింట్లో ఒకలా ఉంటే నిశ్చింత. లేకపోతే మూడూ రాస్తాను. ఒకటి ఎంచుకుని మిగతావి దాచడం మాత్రం చేయను.

తల సైజు విషయంలో చాలా పేపర్లు తొందరపడతాయి. పెద్ద తలలో పెద్ద హిప్పోక్యాంపస్ ఉంటుంది కాబట్టి పుర్రె లోపలి మొత్తం ఘనపరిమాణంతో భాగించేస్తారు. భాగించడమంటే రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయని ఒప్పుకోవడం. అలా పెరగవు. ఒక గుంపు తలలు 12 శాతం పెద్దవి, హిప్పోక్యాంపస్ 6 శాతమే పెద్దది అనుకోండి. 1.06ని 1.12తో భాగిస్తే 0.946. లేని అయిదు శాతం లోటు ఆ గుంపు నెత్తిన పడింది. మగవాళ్ల తలలు సగటున పెద్దవి కాబట్టి ఈ లోటు నేరుగా ఆడా మగా తేడాగా అచ్చవుతుంది. భాగించే బదులు తల సైజుని మోడల్‌లో ఒక చలరాశిగా పెడితే ఆ నిష్పత్తిని డేటాయే చెబుతుంది.

దానికి ముందు ఒక తనిఖీ ఉంది, దీనికి రెండు నిమిషాలు పట్టదు. పుర్రె ఘనపరిమాణాన్ని వయసుకి ఎదురుగా గ్రాఫ్ వేయండి. పెద్దయ్యాక పుర్రె కుంచించుకుపోదు, కాబట్టి గీత అడ్డంగా పడాలి. కిందికి వాలిందంటే మూడు కారణాల్లో ఒకటి. పాత తరాలవాళ్లు సగటున పొట్టి, తలలూ కాస్త చిన్నవి. లేదా యువకుల్నీ పెద్దవాళ్లనీ వేర్వేరు రకాల జనంలోంచి తెచ్చారు. లేదా సాఫ్ట్‌వేర్ లీకవుతోంది: ఫ్రీసర్ఫర్ పుర్రెని నేరుగా కొలవదు, మెదడుని ఒక ప్రామాణిక నమూనా మీద పరచడానికి ఎంత సాగదీయాల్సి వచ్చిందో దాన్నిబట్టి అంచనా వేస్తుంది, కుంగిన మెదడు ఆ అంచనాని కూడా కొంచెం లాగుతుంది. ఈ గీత వాలి ఉండగానే తల సైజుని సర్దుబాటు చేస్తే వయసు ప్రభావంలో కొంత ముక్కని మనమే కోసి పారేసినట్టు.

స్కానర్ల గొడవ. రెండు కేంద్రాల డేటా కలిపితే కేంద్రాల మధ్య తేడా చాలాసార్లు పదేళ్ల వయసు తేడా కన్నా పెద్దది. దీన్ని సరిచేయడానికి ఎక్కువమంది వాడేది కాంబాట్ అనే గణాంక పద్ధతి. నిజానికి ఇది 2007లో జన్యు చిప్‌ల బ్యాచ్ తేడాల కోసం పుట్టింది, పదేళ్ల తర్వాత మెదడు కొలతలకి తెచ్చారు. ఒక్కో కేంద్రానికి ఒక్కో కొలతలో సగటు ఎంత జరిగింది, చెదురు (కొలతలు సగటు చుట్టూ ఎంత పరుచుకున్నాయో) ఎంత పెరిగింది అని అంచనా వేసి, ఆ అంచనాలని బేయస్ గణాంక పద్ధతిలో ఒకదాని వైపు ఒకటి లాగి సరిచేస్తుంది. వాడటం తేలిక, చెడగొట్టుకోవడం ఇంకా తేలిక. వయసుని నిలబెట్టాల్సిన చలరాశిగా ఇవ్వడం మరిచిపోతే పెద్దవాళ్లు ఎక్కువున్న కేంద్రంలోంచి వయసు ప్రభావాన్ని కూడా కడిగేస్తుంది. వయసుని సరళరేఖగా ఇస్తే, అసలు సంబంధం వంపు తిరిగినది అయితే, ఆ వంపుని కేంద్రం తేడాగా లెక్కగట్టి చెరిపేస్తుంది. వక్రరేఖని ఒప్పుకునే రూపం వాడాలి. పదిమందే ఉన్న కేంద్రంలో చెదురు అంచనా గాలిలో దీపం. ఇక ఒక కేంద్రంలో అందరూ యువకులు, ఇంకోదాంట్లో అందరూ పెద్దవాళ్లు అయితే ఏ పద్ధతీ పనికిరాదు. ఆ డేటాని కలపకూడదు. అధ్యయనం నడుస్తుండగా స్కానర్ మార్చి, అందరి మొదటి స్కాన్ పాత యంత్రం మీద, రెండో స్కాన్ కొత్త యంత్రం మీద తీసినా అదే కథ. పాత యంత్రం తీసేయకముందే కొంతమందిని వారం తేడాతో రెండింటి మీదా స్కాన్ చేసి ఉంటేనే బయటపడగలం.

ఇప్పుడు మోడల్. వయసు, దాని వర్గం (వయసు × వయసు) పెట్టి పారాబొలా గీయడం చాలాకాలం ఆనవాయితీ. పారాబొలా ఒక మొండి ఆకారం: ఎడమ కొసని సరిపెట్టుకోడానికి కుడి కొసని వంచుతుంది. 20 నుంచి 90 ఏళ్లవాళ్లతో గీస్తే శిఖరం ఒక వయసులో, అదే డేటాలో 40 లోపువాళ్లని తీసేసి గీస్తే ఇంకో వయసులో పడుతుంది. మనుషులు మారలేదు, మెదళ్లు మారలేదు, శిఖరం జరిగిపోయింది. ఈ సంగతి 2010లోనే చూపించినా ‘ఫలానా వయసులో క్షీణత మొదలు’ అనే వాక్యాలు ఇంకా పారాబొలాల్లోంచే పుడుతున్నాయి. నేను ఆర్ అనే గణాంక భాషలో ఎం.జి.సి.వి. ప్యాకేజీతో మృదువైన వక్రరేఖ వేస్తాను: వయసుకి పది బేసిస్ ఫంక్షన్లు (వక్రరేఖని కట్టే చిన్న ఆకారాలు), ఎంత వంపు ఉండాలో డేటా నుంచే తేల్చడానికి ఆర్.ఇ.ఎం.ఎల్. పద్ధతి, తర్వాత బేసిస్ చాలిందో లేదో తనిఖీ. కొసల్లో విశ్వాస పట్టీ (అంచనా ఎంత అనిశ్చితమో చూపేది) ఎంత వెడల్పో తప్పకుండా చూపిస్తాను.

సగటు ఒక్కటే చాలదు. వయసు పెరిగేకొద్దీ మనిషికీ మనిషికీ తేడా కూడా పెరుగుతుంది. జఠరికల విషయంలో ఇది కళ్లకి కట్టినట్టు ఉంటుంది. ఇరవైల్లో చుక్కలన్నీ ఒక సన్నటి తాడులా ఉంటాయి, డెబ్బైల్లో చీపురు కట్ట విప్పినట్టు విచ్చుకుంటాయి. మామూలు మోడల్ చెదురు అంతటా ఒకటే అనుకుంటుంది కాబట్టి యువకుల్లో నిజంగా తేడాగా ఉన్నవాణ్ని వదిలేస్తుంది, పెద్దవాళ్లలో మామూలు మనిషిని అనుమానిస్తుంది. సగటునీ చెదురునీ, ఆ చెదురు ఒకవైపే ఎక్కువ సాగే ఒంపునీ విడివిడిగా వయసుతో మారనిచ్చే గ్యామ్‌లెస్ మోడల్ దీనికి మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ఎదుగుదల చార్టులు గీసింది ఈ పద్ధతితోనే. 2022లో మెదడుకి అలాంటి చార్టులు వచ్చాయి: 1,01,457 మందివి 1,23,984 స్కాన్లు, గర్భస్థ శిశువు నుంచి నూరేళ్ల దాకా. బూడిద పదార్థం ఆరేళ్ల లోపే శిఖరానికి చేరుతుందనీ, తెల్ల పదార్థం 29కి కాస్త ముందు చేరుతుందనీ అందులో తేలింది.

అయితే ఇదంతా వేర్వేరు వయసుల వాళ్లని ఒక్కసారి చూసి చెప్పే మాట. ఎనభై ఏళ్లవాళ్లు ఇరవై ఏళ్లవాళ్ల భవిష్యత్తు కాదు. వేరే తిండి, వేరే చదువు, వేరే కాలం. పైగా స్కాన్‌కి వచ్చేవాళ్లే వేరు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య అధ్యయనం దాదాపు 92 లక్షల మందిని పిలిస్తే చేరింది 5 లక్షలు. వాళ్లలో స్కాన్‌కి వచ్చినవాళ్లు ఇంకా ఆరోగ్యవంతులు. అందుకే అదే మనిషిని మళ్లీ మళ్లీ కొలిచిన డేటాకి విలువ.

అక్కడ మొదటి ఉచ్చు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. రెండో స్కాన్‌ని తిప్పి మొదటి స్కాన్ మీద పరిస్తే, తిప్పినప్పుడు గళ్ల మధ్య విలువలు కొత్తగా లెక్కకట్టాలి, ఆ లెక్కలో రెండో బొమ్మ మాత్రమే కాస్త మసకబారుతుంది. మసక అంటే పలచన అని పైన చెప్పుకున్నాం. అంటే ఎవరికీ ఏమీ కాకపోయినా అందరి మెదడూ తగ్గినట్టు వస్తుంది. ఫ్రీసర్ఫర్ లాంగిట్యూడినల్ పద్ధతిలో మనిషి స్కాన్లన్నిటికీ నడిమధ్యన ఒక నమూనా తయారుచేసి, అన్నిటినీ దాని మీదికి సమానంగా జరుపుతారు. మసక అన్ని స్కాన్లకీ సమానం, తేడాలో కొట్టుకుపోతుంది.

రెండో ఉచ్చు కొలత దోషం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో హిప్పోక్యాంపస్ ఏడాదికి ఒక శాతం అటూఇటూ తగ్గుతుంది. ఒక్కో స్కాన్‌లో కొలత దోషం ప్రామాణిక విచలనం 2 శాతం అనుకుందాం. నాలుగేళ్ల ఎడంతో రెండు స్కాన్లు తీస్తే ఏడాది వాలులో దోషం 0.71. ఒకే ఏడాదిలో మూడు నెలలకొకటి చొప్పున అయిదు స్కాన్లు తీస్తే 2.53. రెండున్నర రెట్లు ఖర్చు పెట్టి మూడున్నర రెట్లు అధ్వాన్నమైన జవాబు కొనుక్కున్నట్టు. స్కాన్ల సంఖ్య కన్నా ఎడం ముఖ్యమని ప్రాజెక్టు మొదలుకాకముందే చెప్పాలి, తర్వాత చెప్పి లాభం లేదు. నాలుగేళ్ల ఎడంలో మనుషులు తప్పిపోతారన్నది దానికి ఎదురు వాదన, అదీ నిజమే. అందుకని మధ్యలో ఒక స్కాన్ ఉంచమంటాను.

మోడల్‌లో వయసుని రెండు ముక్కలు చేస్తాను: చేరినప్పటి వయసు ఒకటి, చేరాక గడిచిన కాలం ఒకటి. మొదటిది మనుషుల మధ్య తేడా, రెండోది మనిషి లోపల మార్పు. రెండింటి వాలూ ఒకటే వస్తే సంతోషం. వేరుగా వస్తే తరం తేడానో, తప్పిపోయినవాళ్ల ప్రభావమో, మసక ఉచ్చో అని వెనక్కి వెళ్లి వెతకాలి. మనిషికి రెండేసి స్కాన్లే ఉన్నప్పుడు ఒక్కొక్కరికీ విడి వాలు అడిగితే ఇలాంటి మోడళ్లు వేసే ఆర్ ప్యాకేజీ ఎల్.ఎం.ఇ.4 మొరాయిస్తుంది. అది మోడల్ పాడై కాదు, డేటాలో అంత సమాచారం లేక. వయసుని రోజుల్లో కాకుండా దశాబ్దాల్లో, సగటు తీసేసి ఇస్తే సగం హెచ్చరికలు వాటంతటవే పోతాయి.

ఈమధ్య అందరూ అడిగేది ‘మెదడు వయసు’. ఆరోగ్యవంతుల స్కాన్ల మీద ఒక యంత్రానికి వయసు ఊహించడం నేర్పి, కొత్త మనిషికి యంత్రం చెప్పిన వయసులోంచి అసలు వయసు తీసేస్తే వచ్చే తేడా. 70 ఏళ్లవాడికి 75 చెబితే మెదడు అయిదేళ్లు ముదిరిందంటారు. దీంట్లో ఉన్న చిక్కు అంకెల్లో చూపిస్తాను. ఏ ఊహ అయినా సగటు వైపు వాలుతుంది. నేర్చుకున్న డేటా సగటు వయసు 55, ఊహ వాలు 0.7 (అసలు వయసు ఏడాది పెరిగితే ఊహ 0.7 ఏళ్లే పెరుగుతుంది) అనుకోండి. 75 ఏళ్ల మనిషికి 55 + 0.7 × 20 = 69 అంటుంది, తేడా −6. 35 ఏళ్ల మనిషికి 41 అంటుంది, తేడా +6. ఇద్దరి మెదళ్లూ వాళ్ల వయసుకి తగ్గట్టే ఉన్నాయి. రోగుల గుంపు ఆరోగ్యవంతుల కన్నా కాస్త చిన్నవాళ్లయితే చాలు, జబ్బు మెదడుని ముదిరించిందని తేలిపోతుంది. కాబట్టి ఆ తేడాని వాడే ప్రతి మోడల్‌లోనూ అసలు వయసు ఉండాలి. దీన్ని సరిచేసే సూత్రాలున్నాయి, కొన్ని అసలు వయసునే సూత్రంలో పెడతాయి. పెట్టనివ్వండి, కానీ సరిచేసిన తర్వాత ‘మా ఊహకీ అసలు వయసుకీ సహసంబంధం 0.97’ అని గొప్పగా రాయకూడదు. జవాబు చేతికిచ్చి మార్కులు వేసుకోవడమే అది.

సగటు దోషం పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. 45–80 మధ్య వయసులు సమానంగా పరుచుకున్న డేటాలో ఏమీ చూడకుండా అందరికీ సగటు చెప్పేసినా దోషం 8.75 ఏళ్లే, 18–90 డేటాలో అదే పని చేస్తే 18 ఏళ్లు. మొదటిదాంట్లో 4 సాధించడం కన్నా రెండోదాంట్లో 5 సాధించడం మెరుగు. ఒకే మనిషి రెండు స్కాన్లలో ఒకటి నేర్పే డేటాలో, ఇంకోటి పరీక్ష డేటాలో పడితే యంత్రం వయసు నేర్వదు, మనిషిని గుర్తుపడుతుంది. కాంబాట్‌ని మొత్తం డేటా మీద నడిపి తర్వాత విడగొట్టినా లీకే, పరీక్ష డేటా సమాచారం ముందే నేర్పే డేటాలోకి కారినట్టే. ఇంకా లోతైన అభ్యంతరం ఒకటుంది: ఒక్క స్కాన్‌లో కనిపించే ఆ తేడా వేగంగా ముదరడం వల్ల కావచ్చు, పుట్టుకతోనే చిన్న మెదడు ఉండటం వల్ల కావచ్చు. 2021లో అదే మనుషుల్ని ఏళ్ల తరబడి చూసినప్పుడు ఆ తేడాకీ తర్వాత జరిగిన మార్పుకీ పెద్ద సంబంధం కనిపించలేదు, పుట్టినప్పటి బరువు లాంటి వాటితో కనిపించింది. కాబట్టి ‘ముదిరింది’ అనే క్రియాపదాన్ని ఒక్క స్కాన్ మీద నేను వాడను.

పి-విలువల (నిజంగా ఏమీ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడానికి ఉన్న అవకాశం) గురించి రెండు ముక్కలు. 68 ప్రాంతాలని 0.05 దగ్గర పరీక్షిస్తే ఏమీ లేకపోయినా మూడు నాలుగు తగులుతాయి; వాక్సెల్‌కొకటి చొప్పున లక్ష పరీక్షలు చేస్తే చచ్చిన చేప మెదడు కూడా ‘ఆలోచిస్తుంది’ అని 2009లో ఒక సాల్మన్‌ని స్కానర్‌లో పెట్టి చూపించారు. వయసు విషయంలో బాధ ఇందుకు తలకిందులు. నాలుగొందల మంది ఉంటే దాదాపు ప్రతి ప్రాంతమూ వయసుతో తగ్గుతుంది, ప్రతి పి-విలువా చిన్నదే వస్తుంది. అడగాల్సింది ఎక్కడ వేగంగా తగ్గుతోందని. ‘హిప్పోక్యాంపస్‌లో ఫలితం వచ్చింది, దృష్టి కార్టెక్స్‌లో రాలేదు, కాబట్టి హిప్పోక్యాంపస్‌లోనే ఎక్కువ’ అనే వాదన చెల్లదు. ఆ రెండు వాలుల మధ్య తేడానే పరీక్షించాలి. చాలాసార్లు ఆ తేడా నిలబడదు.

అన్నీ అయ్యాక, ఫలితం ఎవరికీ చూపించకముందు, ఒక్కో కేంద్రం లోపల ఒకరి వయసు ఇంకొకరికి పోయేలా వయసు కాలమ్‌ని తారుమారు చేసి మొత్తం పైప్‌లైన్‌ని మొదట్నుంచి వెయ్యిసార్లు నడుపుతాను. ఫ్రీసర్ఫర్ కాదు, దాని తర్వాతిదంతా. ఒక్క ప్రాంతం తీసుకుంటే వెయ్యిలో ఇంచుమించు యాభైసార్లే 0.05 కన్నా తక్కువ రావాలి. రెండొందలు వస్తే ఎక్కడో లీకు ఉంది. నా లెక్కలో అది ఎక్కువగా కేంద్రాల సర్దుబాటు దగ్గరో, చలరాశుల ఎంపిక దగ్గరో దొరుకుతుంది. ఫలితాల మొదటి పట్టికలో వాలుల కన్నా ముందు ఇంకో చిన్న పట్టిక పెడతాను: ఒక్కో దశాబ్దం వయసులో ఎంతమందిని స్కాన్ చేశారు, ఎంతమంది స్కాన్లు తీసేశాను, ఎంతమంది రెండోసారి రాలేదు. సమీక్షకులు దాన్ని అనుబంధంలోకి మార్చమని అడుగుతుంటారు. నేను అక్కడే ఉంచుతాను.